ఆవిరి కర్ర

కాశీబుగ్గ షాపులో ఆరు వాయిదాలకి తెచ్చాను.
మా అత్త ఆ పూటే పేరు పెట్టీసింది దానికి:
ఆవిరి కర్ర.

పెట్టె విప్పుతుంటే గడప మీద కూచుని చూసింది.
"సబ్బెక్కడ పోత్తారే?"
సబ్బక్కర్లేదత్తా.
"పినాయిలు?"
అదీ వద్దు. ఉత్త నీళ్లే.
"నీల్లకి ఇంత సొమ్మేటి" అని
కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

గ్లాసున్నర నీళ్లు. ప్లగ్గు. ఎర్ర దీపం.
అది పచ్చగా మారేదాకా
పాలకి కాపలా కాసినట్టు
ఇద్దరం దాని ముందు నిలబడ్డాం.

బుస్సుమంది.
అత్త ఒకడుగు వెనక్కి వేసింది. భయంతో కాదు.
ముక్కు ఎగబీల్చి
"బాయిలరు" అంది.

పద్దెనిమిదో ఏటి నుంచి ముప్పై నాలుగేళ్లు
పలాస జీడి ఫ్యాక్టరీలో
ఉడికిన పిక్కల గంపల పక్కన ఒదిగి కూచున్న మనిషి.
తెల్లారగట్ట బాయిలరు మూత తీస్తే
ఎదటి వరస ఆడాళ్ల మొహాలు కనపడేవి కావట.
దగ్గుని బట్టి పోల్చుకునేవారట:
ఇది నీలమ్మ, ఇది కొర్లాం దమయంతి.
ఆవిరి తగల్నిదే ఏ పిక్కా నోరిప్పదు, అనేది.

వంటింట్లో మొదలెట్టాను.
పొయ్యి కింద జిడ్డు,
ఎప్పుడో ఒలికిన బెల్లం పాకం,
చిన్నాడు అతికించిన స్టిక్కరు జిగురు,
పలకల సందుల్లో పాత పసుపు
మెత్తబడి, లొంగి, గుడ్డకెక్కాయి.
నా వెనకే నేల ఆరిపోతోంది.
వెచ్చగా ఉందని పిల్లి వచ్చి పడుకుంది.

వీధి గదిలో చాప ఎత్తితే, కిటికీ కింద,
ఆ నల్ల మచ్చలు.
చుట్టూ చుక్కలు చుక్కలు,
మధ్యలో పీటంత ఖాళీ.
ఒకసారి పోనిచ్చాను. రెండోసారి.
మూడోసారి అక్కడే ఆపి పట్టుకుంటే
"సంటిదానికి కాపడం పెడతన్నావేటి" అంది.
"అది జీడి.
సాకలోలు గుర్తెట్టీది దాంతోనే.
బట్ట సిరుగుద్ది గానీ గుర్తు పోదు."

తుఫాను ఏడు ఫ్యాక్టరీ మూసేస్తే
పిక్కలు ఇంటికి తెచ్చి
కిలో లెక్కన కొట్టిందట అక్కడ కూచుని.
ఏడేళ్లుగా నేను చాప పరిచి కప్పుతున్నది
ఆ ఖాళీనే.

"ఇలగియ్యి" అని కర్ర అందుకుంది,
పడవ తెడ్డు పట్టినట్టు, రెండు చేతులా.
ఆ వేళ్ల కొసల్లో గీతల్లేవు,
జీడినూనె తినేసింది.
బ్యాంకులో వేలిముద్ర మిషను
నెలనెలా ఆమెని కాదంటుంది.
ఇది మాత్రం ఏమీ అడగలేదు,
మీట నొక్కగానే పలికింది.

నాలుగడుగులు నడిపి ఆగిపోయింది.
"నిలబడితే నేల కనపడ్డం లేదే గుంటా.
ఇంత ఎత్తు నుంచి ఎవులు తుడుత్తారు?"
నవ్వాలో వద్దో తెలీలేదు నాకు.
ఆ ఇంట్లో ఆమెని చీపురుతోనో గుడ్డతోనో
వంగకుండా చూడ్డం అదే మొదలు.
నడుం కూడా నమ్మలేనట్టుంది, కొంచెం ముందుకే ఉంది.

మళ్లీ కదిలింది.
గోడ వార, తలుపు మూల, మంచం కింద.
మచ్చల దగ్గరికొచ్చి కర్ర ఆపి,
ఎవరో కూచుని ఉన్నట్టు
విసుగ్గా
"కాల్లెత్తవే అసిరీ" అంది.

అసిరమ్మ మా అత్త పేరే.

కరెంటు పోయింది. బుస నెమ్మదిగా చచ్చిపోయింది.
అడుగు గుడ్డ విప్పి పిండితే బకెట్టు నల్లబడింది.
"ఇంత మురికిలో తిన్నామేటి ఇన్నాల్లూ" అని
దాన్ని ఎండలో వేసింది.
కర్రలో మిగిలిన నీళ్లు పారబోయనివ్వలేదు.
కాస్త చల్లారాక చెంబులోకి వంపుకుని
గట్టు మీద కూచుని
మోకాళ్ల మీద కొంచెం కొంచెంగా పోసుకుంది.

ఇంకా ఐదు వాయిదాలు కట్టాలి.
చాప గోడకి ఆనించే ఉంది.