నలబై నిమిషాలు

సర్వే వాళ్ళు వొచ్చిన దినం
టేపుకి ఒక కొన పట్టింది నేనే.
కూలి ఐదునూర్లు, మద్దేన్నానికి బిర్యానీ పొట్లం.
ఇంకో కొన పట్టిన పిల్లోడు ఏలూరు పక్కనోడు,
ఎండకి తలకాయకి టవల చుట్టుకోని
"లాగన్నా, ఇంకా లాగు" అంటా ఉండె.
లాగినాను.
పూతకొచ్చిన చెనిక్కాయ చెట్ల మీద
టేపు ఒరుసుకుంటా పోయింది.
చుట్టేటప్పుడు చూస్తే
రెండు మూడు పచ్చపూలు దానికి అంటుకోనున్నాయి.
విదిలించినాను.

గెనిం మీద దేశమ్మ నిలబడుకోనుండె.
"ఏమిరా గుణశేఖరా,
మా కయ్యి ఎంతుండేది నీకు తెలీదా?
చిన్నప్పుడు అలసందకాయలు దొంగిలించేదానికి
ఏ మూల దూరేవాడివో అడుగు, చెప్తా."
నేను తల ఎత్తలా.

ఆఫీసరు మంచోడే, తప్పు చెప్పకూడదు.
జీపులో నించి నీళ్ళ సీసా తెప్పించి ఆమెకిచ్చినాడు.
"ఇది దేశం కోసమమ్మా" అన్నాడు మెల్లిగా.
ఆమె నవ్వింది. ముందర పండ్లు రెండు లేవు.
"నా పేరు అదే సామీ.
నా కోసమైతే నన్నొక మాట అడిగుంటే బాగుండె."
ఆయప్పకి అర్థం కాలా.
నాకయింది.
అయినా టేపు వదల్లా.

డీకేటీ పట్టా వాళ్ళ మామ పేరున ఉంది.
ఆయన పోయి పంతొమ్మిదేండ్లు.
చచ్చిపోయినోడి పేరున చెక్కు రాయకూడదంట,
బతికుండేదాని పేరున రాయాలంటే
చచ్చిపోయినోడు ఒప్పుకోవాలంట.
అట్లని ఎవురూ నోటితో చెప్పలా గానీ
చిత్తూరుకి తిప్పిన తిరుగుడికి అర్థం అదే.
సోమవారం సోమవారం అర్జీ.
రసీదులన్నీ బిస్కెట్ల డబ్బాలో పెట్టుకోనుంది,
డబ్బా మూత పట్టడం లేదిప్పుడు.

రోడ్డు వొచ్చింది.
అబద్దమెందుకు, బాగుంది.
మా అక్క కొడుకుని పాము కరిస్తే
అంబులెన్సు దాని మీదనే ఎగిరిపోయింది.
వాడు బతికినాడు. నేనది మరిచిపోను.
నాకు టోలుగేటు కాడ పని దొరికింది,
నీలం చొక్కా, మెడలో ఈల.
మామిడికాయల లారీలు, గుజ్జు ఫ్యాక్టరీ ట్యాంకర్లు,
నిద్రపోతా ఉండే కార్లు.
అద్దం మీద చీటీ చూసి కమ్మీ దానంతట అదే లేస్తాది.
మనిషి మనిషిని చూసే పని లేదు.

తెరిచిన దినం పేపర్లో పెద్దక్షరాలు:
చెన్నైకి నలబై నిమిషాలు ఆదా.

ఆ నలబై నిమిషాలు యాడనించి తెచ్చినారో
పేపరోడు రాయలా.

నక్కలగుట్ట దేశమ్మ ఇంటికి ఎదురుగానే ఉంది.
అప్పుడు కేకేస్తే మేకలు దిగొచ్చే దూరం.
ఇప్పుడు నడిమిద్దె ఇనప కంచె,
ఎగువన కిలోమీటరుకి సొరంగం దోవ.
అందాకా పోవల్ల, దూరి అవతలికి పోయి
మళ్ళీ అంత దూరం వెనక్కి రావల్ల.
నేను గడియారం పెట్టి చూసినాను.
పదకొండు మేకలు, ఒక కుంటి పిల్ల, ఆమె మోకాళ్ళు:
నలబై నిమిషాలు.
పొద్దన్నే నలబై, మాపటికి నలబై.

మొన్న తుపాను వానకి సొరంగంలో నడుమెత్తు నీళ్ళు.
చీకటి పడినాంక టోలుగేటు కాడికే వొచ్చేసింది,
గోనెసంచి నెత్తిన కప్పుకోని,
మేకలన్నీ ఆమె కాళ్ళకి అతుక్కోని.
కుంటిపిల్ల చంకలో.
"వీటికి ఎంతరా గుణశేఖరా?" అనింది.
ఎకసెక్కానికి కాదు.
కొంగు ముడి విప్పతా ఉంది.

ఈల ఊదినాను.
మూడు వరసలూ ఆపినాను.
హారన్లు. లైట్లు. తమిళంలో ఒకడు, తెలుగులో ఒకడు
మా అమ్మని తిట్టినారు.
ఆ వెలుతుర్లో మేకలు ఒకదాని వెనక ఒకటి,
ఆకరికి ఆమె,
తొందరేమీ లేకుండా.

కెమెరాలో చూసి సూపర్‌వైజరు పిలిపించినాడు.
"ఎంతసేపు ఆపినావు?"
"రెండు నిమిషాలు సార్."
అరదినం జీతం కోసినాడు, కాగితం మీద సంతకం పెట్టమన్నాడు.

పెడతా లెక్కేసుకున్నాను.
ఆ పొద్దుకి ఆమెకి రావాల్సింది ఎనబై.
నేనిచ్చింది రెండు.