పొడంపేటలో దుబాసీ

రెండువేల వంద నాటికి, అంటున్నాడు యోరిస్,
ఇసుక మీద పటం పరిచి
నాలుగు మూలలా మా చెప్పులు బరువు పెట్టి,
ఈ గీత దాకా వస్తుంది సముద్రం.

తెలుగు చేసి చెప్పాను.
సూరాడ దానమ్మ వల ముడేస్తూ నవ్వింది:
"ఒచ్చీసింది గదే! ఆ గీత మీదే మా వంటిల్లు."

అవతల అలల్లో
సగం గోడ, ఒక గడప,
ఉప్పు తినగా మిగిలిన నీలం సున్నం.

లాము దీవి పిల్ల మ్వానకొంబో
ఏమీ రాసుకోలేదు.
వెళ్లి వల రెండో అంచు పట్టుకుంది.
ఆ ముడి ఆమెకు ముందే తెలుసు.

యోరిస్ వాళ్ల ఊరి గోడ గురించి చెప్పాడు.
సముద్రం కన్నా పల్లంలో పుట్టాడట,
ఒక్కనాడూ గుమ్మం తడవలేదట.
దానమ్మ పంటితో దారం తెంపింది.
"మంచిదే. మరి ఆ గోడకి కొట్టుకుని మళ్లిన నీరు
ఎవులింటికెల్తాదో అడుగు."

అడిగాను.
సరిగ్గా పడలేదేమోనని ఇంకోలా అడిగాను.

యోరిస్ నోరు తెరిచాడు.
ఈలోగా ఒక అల
పటం మూలన చెప్పును లాక్కుపోయింది.
నాదే.

బరంపురం బస్సులో
ఒంటి చెప్పుతో కూర్చుని
అదే మాట ఒడియాలో కూడా అనుకుని చూశాను.