గాలికి కూడా గోధుమే

పైసాందూ బస్టాండులో రాత్రి పదకొండు.
ఫెర్మినా అద్దం మీద వేలితో
పిజ్జాలు లెక్కపెడుతోంది.
తనవి కానివి లెక్కపెట్టడం దానికి అలవాటే.

"గోధుమ లేనిది ఉందా?"
అడిగి అడిగి అరిగిపోయిన గొంతు నాది.
రెండు ఊళ్ల వెనక ఒకాయన నవ్వాడు,
ఒక్క ముక్కకే ఏమవుతుందమ్మా అని.
ఏమవుతుందో
మూడు రాత్రులు బకెట్ పట్టుకుని చూశాను.

ఈ ముసలాయన, బాల్తసార్, నవ్వలేదు.
శనగపిండి ఫైనా పళ్లెం ముందుకు జరిపి,
ఆగి,
తన చేతులు చూసుకున్నాడు.
కనుబొమల దాకా తెల్లగా పిండి.
"ఇందులో లేదు గానీ
ఈ గదిలో గాలికి కూడా గోధుమే. పెట్టలేను."

అమ్మనన్నవాడి మీద నమ్మకం కుదరడం
నాకదే మొదలు.

ఏప్రన్ విప్పి మమ్మల్ని రోడ్డు దాటించాడు.
సగం దించిన కిరాణా షట్టరు మోచేత్తో తట్టాడు.
మరమరాల బిళ్లలు, జున్ను, ఒక టమాటా.
పొట్లం మాత్రం తాకలేదు.
నన్ను పట్టుకోమని
చీమతలకాయంత అక్షరాలు
తనే చదివాడు, రెండుసార్లు.

బస్సులో ఫెర్మినా
బిళ్ల మీద జున్ను పరిచి, టమాటా నలిపి
"పిజ్జా" అంది.
కాదనలేదు నేను.
కిటికీ అవతల ఆయన
ఇంకా చొక్కా దులుపుకుంటూనే ఉన్నాడు.