చెరపవలసినవి

నా ఉద్యోగంలో ఒక రబ్బరు కూడా ఉంది.
తిరిగొచ్చిన ప్రతి పుస్తకం పేజీలు తిప్పి
గీతలుంటే తుడవాలి, మడతలుంటే విప్పాలి,
బస్సు టిక్కెట్టో తలపిన్నో దొరికితే డ్రాయర్లో వెయ్యాలి.
అల్లిపురం గ్రంథాలయం, కాంట్రాక్టు పోస్టు,
పదకొండో ఏడు.

మధ్యాహ్నం రెండింటికి
పూర్ణా మార్కెట్లో బేరాలు సద్దుమణిగాక
ఎర్నమ్మ వస్తుంది.
గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ళు ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకుంటారని
నెత్తళ్ళ బుట్ట గేటు బయటే దించుతుంది,
తనూ లోపలికి రాదు.
వెనక వరండా, కారే కుళాయి,
ఆమె నోట్లో అడ్డపొగ, నా ఒళ్ళో నవల.
అక్షరాలు రావు ఆమెకి.
కథలో ఎక్కడ ముల్లుందో మాత్రం
నాలిక్కి తగిలినట్టు తెలిసిపోతుంది.

ఈ నెల వచ్చిన కొత్తవన్నీ ఆడవాళ్ళ నవలలే.
ముందు పాతకాలం కథ విప్పాను:
భీమిలి, డచ్చివాళ్ళ రోజులు,
బట్టకి నీలిరంగు వేసే ఒక విధవ,
ఓడ కెప్టెను లెక్కలో తప్పు పట్టిన మనిషి.
ఎర్నమ్మ చుట్ట ఆర్పేసి మరీ వింది.
నలభై రెండో పేజీలో ఆ మనిషి
సముద్రంకేసి చూసి దీర్ఘంగా నిట్టూర్చింది.

“ఆగమ్మా.
మోసేతుల దాకా నీలిమందులో నానిన మనిషి
సముద్దరాన్ని సూసి నిట్టూరుత్తాదేటి?
గాలెటుందో సూత్తాది.
వానొత్తాదో రాదో సూత్తాది.
రాసినావిడకి సెప్పు.”
రాసినావిడ ఎక్కడుంటుందో నాకు తెలీదన్నాను.
“అయితే అక్కడే రాయి.”
రాశాను, అంచులో, సన్నగా, పెన్సిలుతో.

రెండోది మొన్నటి కథ. మధురవాడ,
పద్నాలుగో అంతస్తు, విడాకులు, ల్యాప్‌టాప్,
బాల్కనీలో నిలబడి తెల్లవార్చే రాత్రులు.
చెప్పడానికి సిగ్గెందుకు,
రెండుచోట్ల నా గొంతు పట్టేసింది.
మా ఇంటికి బాల్కనీ లేదు,
నిద్ర పట్టకపోతే మేడమెట్ల మీద కూర్చుంటాను, అంతే తేడా.
ఎర్నమ్మ కూడా మెత్తబడింది. “పాపం గుంట” అంది.
చాలాసేపు కుళాయి చుక్కలు వింటూ ఉండి
అప్పుడడిగింది:
“ఆయమ్మ కాఫీ కప్పులు ఎవులు కడుగుతారు?”

వెనక్కి తిప్పి వెతికాను.
పనిమనిషి, మూడుసార్లు.
ఒకసారి తలుపు తీసింది.
ఒకసారి రాలేదు.
ఒకసారి ఏదో పగలగొట్టింది.
“పేరు?”
లేదు.

కోప్పడుతుందనుకున్నాను. పడలేదు.
చుట్టకుదురు సర్దుకుని, బుట్ట తలకెత్తుకుంటూ,
చెల్లెలు అప్పలకొండ అటేపే నాలుగిళ్ళు చేసేదని,
మొన్న శ్రావణంలో పోయిందని చెప్పింది.
గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.
“మూడుసోట్లా రాసీ.
పేరే గదా, బరువేటి.”

మూడు వారాలకి రెండు పుస్తకాలూ తిరిగొచ్చాయి,
వేర్వేరు ఇళ్ళ నుంచి.
భీమిలి కథ నలభై రెండో పేజీలో, నా రాత కింద
ఎవరో వణికే చేత్తో:
‘తూర్పుగాలే అయ్యుంటుంది. మా అమ్మమ్మది ఆ ఊరే.’
మధురవాడ కథలో నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు:
‘అప్పలకొండ ఏం పగలగొట్టింది?’
దాని కిందే ఇంకో చెయ్యి, కోపంగా, కాగితం చిరిగేలా:
‘ఏదైతేనేం. జీతంలో కోసే ఉంటారు.’

రేపు తనిఖీ.
రబ్బరు పట్టుకుని పొద్దుటి నుంచీ కూర్చున్నాను.
ఒక ఫోన్ నంబరు తుడిచాను.
ఒక బాణం గుచ్చిన గుండె తుడిచాను,
కొంచెం జాలేసింది.
ఎవరిదో కిరాణా లెక్క తుడిచాను.
ఈ రెండూ పక్కన పెట్టాను.

రెండుంపావు అయింది.
పెన్సిలు చెక్కి ఉంచాను.
ఏం పగిలిందో
ఎర్నమ్మనడిగి రాయాలి.