అడ్డం పెట్టిన చెయ్యి

విస్తట్లో పప్పు పడగానే
చెయ్యి అడ్డం పెడతాను.
మన బంతుల్లో అడ్డం పెట్టిన చెయ్యికి
అర్థం వేరు కదా,
మొహమాటం, ఇంకో గరిటె వెయ్యండి అని.
అలా నాలుగుసార్లు నా వేళ్ల మీదుగా
నెయ్యి కారింది
గవర్నరుపేట సందులో, కోర్టు వెనక మెస్సులో.

"షుగరా అమ్మా?"
కాదు.
"గుండెకా?"
కాదు.
"మొక్కా?"
పేరయ్య చేతిలో నేతిగిన్నె అలాగే గాల్లో ఉంది.
రోజూ సాక్షుల జవాబులు టైపు కొట్టేదాన్ని,
బోనులో నుంచుంటే ఎలా ఉంటుందో
అప్పుడే తెలిసింది.
మొక్కే, అన్నాను.
అబద్ధం ఎంత తేలిగ్గా అరుగుతుందో!
"ఎన్నాళ్లు?"
ఇంకా తీరలేదు.

అసలు సంగతి ఈ ఎండలో,
ఇంతమంది ఆకలి మధ్య చెప్పేది కాదు.
రామవరప్పాడు కాలవ గట్టున
పాకలో ఒక గేదె
గడ్డి కుక్కిన దూడతోలును నాకుతూ
చేపింది.
చెంబు నిండింది, నురగతో.
అంతే. ఎవరూ ఏడవలేదు. గేదె కూడా.
నేను పాలగిన్నె పట్టుకుని ఇంటికొచ్చి
టీ పెట్టలేకపోయాను.

అప్పట్నుంచి ఈ ఊరిని కొత్తగా చదువుకుంటున్నాను.
బోర్డు మీద పచ్చ చుక్క
సగం నిజమే చెబుతుంది.
పెసరట్టు మంచిదే, దాని కడుపులో ఉప్మా
నెయ్యి తాగొచ్చింది.
పునుగుల పిండి నిన్నటి పెరుగుతో పులిసింది.
ఉలవచారు నల్లగా, అమాయకంగా ఉంటుంది,
తీరా నా ముందుకొచ్చాక
ఎవరో దాని నెత్తిన మీగడ పెడతారు.
బెంజి సర్కిల్ అద్దాల హోటల్లో
"పనీర్ తీసుకోండి మేడం, ప్యూర్ వెజ్" అన్నాడు కుర్రాడు.
పచ్చి ఉల్లిపాయా నిమ్మచెక్కా తిని
మూడొందలిరవై కట్టి వచ్చాను.
కోర్టు గేటు దగ్గర టీ బండి
నాకు డికాషనే పోస్తుంది,
నిమ్మరసం ఉచితం, సలహా కూడా.
బీసెంట్ రోడ్డు మలుపులో మిరపకాయ బజ్జీ మాత్రం
ఎన్నడూ మోసం చెయ్యలేదు.
దాని కడుపులో వాము, చింతపండు.
నా కళ్లలో నీళ్లు.

పేరయ్య మరిచిపోలేదు.
మర్నాడు వంటింటి తలుపు దగ్గర కేకేశాడు:
"నాంచారమ్మా, వంకాయకారంలో ఏం పడింది?"
"నూనె."
"పప్పులో పోపు?"
"నెయ్యి. ఎవరికంట?"
"మొక్కున్న అమ్మకి."
లోపల్నించి గరిటె తపేలాకి తగిలిన చప్పుడు.
తిట్టో, ఒప్పుకోలో.
ఆ పై గురువారం నుంచి
పోపు పడకముందే తీసిన ఒక గిన్నెడు దోసకాయ పప్పు
మూత కింద, నాకోసం.
దాని మీద నువ్వులనూనె, చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చి.
గోంగూరలో ఉల్లిపాయ నంజుకుంటే
నెయ్యి గుర్తు రాదని చెప్పను.
వస్తుంది. కందిపొడి ముద్ద దగ్గర
ఇప్పటికీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

చిక్కంతా చివరి ముద్దతోనే.
పెరుగు లేకుండా భోజనం అయిపోయిందని
నోటికి ఎవరు చెప్తారు?
పక్కాయన మజ్జిగ జుర్రుకుని లేస్తాడు.
నేను విస్తరి మడవాలా వద్దా అని కూర్చుంటాను,
వాయిదా పడ్డ కేసులా.
పేరయ్యకీ అది నచ్చలేదు.
"మజ్జిగన్నం తినకుండా లేపితే పాపం మాది" అని గొణిగి
గ్లాసుతో చారు తెచ్చి పెట్టాడు.
పైన తేట, అడుగున మిరియాలు.
తాగాను. ముగిసినట్టే ఉంది, దాదాపు.

నిన్న పేరయ్య రాలేదు.
కొత్త కుర్రాడు, చెవిలో పాట, చేతిలో నేతిగిన్నె.
చెయ్యి అడ్డం పెట్టాను.
వాడు ఆగి, వంటింటి వైపు చూసి
"మీరేనా మొక్కు?" అన్నాడు.
అవునన్నాను.
నెయ్యి పక్క విస్తట్లోకి వెళ్లింది.
అక్కడ కూర్చున్న పెద్దాయన, గుమస్తా అనుకుంటా,
మర్యాదకి చెయ్యి అడ్డం పెట్టాడు.
వాడు నవ్వి ఇంకో గరిటె పోశాడు.