అప్పుల పద్దు వెనక

దండాసి నౌపడ రైల్లో తెచ్చిన నాలుగు పుస్తకాలూ
గుణుపురంలో, మర తిరుగుతుండగానే చదివేశాను.
చోడిపిండి అంటని పేజీ లేదు.
అప్పుల పద్దు వెనక రాసుకున్నాను:

ప్రేమ నవల. మూడొందల పేజీల్లో
ఆ పిల్లకి ఒక్కసారీ ఆకలెయ్యలేదు.
నమ్మను.

గెలుపు సూత్రాలాయన నాలుగింటికే లేవమన్నాడు.
మాయమ్మ లేచింది, నలభయ్యేళ్ళు.
ఒకసారొచ్చి ఆవిణ్ణి అడగాలి ఆయన.

కవిత్వంలో వెన్నెల ఎక్కువ, ఉప్పు తక్కువ.
ఒక్కటి మాత్రం, వంకలో తప్పిపోయిన మేక మీద,
రెండోసారి చదవడానికి
మర ఆపేశాను.

ఇక ఆ హత్య నవల
ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేట్టు లేదు.
సబితకి తెలుగు మాటొచ్చు, అక్షరం రాదు.
నాకు ఒడియా అక్షరం కుంటుతుంది.
ఆమె బియ్యం పోస్తుంటే
సగం ఆ భాషలో, సగం ఈ భాషలో
మర మోతని మించి అరుస్తూ చెప్పాను.
సరిగ్గా చివరికొచ్చేసరికి
కరెంటు పోయింది.

"డాక్టరే చంపాడు!"

వీధంతా నా గొంతొక్కటే.
ఎదర మందుల కొట్లో మహంతి డాక్టరు
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

సబిత మాత్రం జల్లెడ దించి
"కాహింకి?" అంది.
ఎందుకో
ఆ పుస్తకానికీ తెలీదు.
అదీ రాశాను,
తవిటమ్మ బాకీ కింద.