చావనిది ఒకటి ఇవ్వు

హల్ ఊళ్లో శనివారం మార్కెట్.
చేపల బల్లకీ పాత బూట్ల బల్లకీ నడుమ
నా మొక్కల బల్ల.
హంబర్ మీంచి కొట్టే గాలికి
ధరలు రాసిన అట్టముక్కలు ఎగిరిపోకుండా
ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి.

ట్రెవర్ క్యారీబ్యాగులో శవాన్ని తెచ్చాడు.
ఫెర్న్ అట, ఒకప్పుడు.
ముట్టుకుంటే పొడి పొడిగా రాలింది.
"ఇది ఐదోది" అన్నాడు టోపీ తీసి.
"చావనిది ఒకటి ఇవ్వు."

నాడి పట్టుకున్నదానిలా అడగడం మొదలెట్టాను.
కిటికీ ఏ వైపు?
ఉత్తరం. ఎదురుగా పక్కింటి ఇటుక గోడ.
ఇంట్లో ఎన్నాళ్లుంటావు?
వారం ఇంట్లో, వారం
రాటర్‌డామ్ వెళ్లే ఓడ వంటగదిలో.
నీళ్లెప్పుడు పోస్తావు?
అక్కడ తడబడ్డాడు.
వెళ్లేముందు చెంబెడు. వచ్చాక
పాపం అనిపించి ఇంకో రెండు.

కుండీలో వేలు పెట్టాను.
పైన ఎండు, కింద బురద.
వేళ్లు నల్లబడి, నానిన కాగితంలా జారిపోతున్నాయి.
దాహంతో పోయిందనుకుంటున్నాడు ఇన్నాళ్లూ.
మునిగి పోయిందని చెప్పడానికి నోరు రాలేదు.
చెప్పాను.

చావనిది లేదు ట్రెవర్.
నిదానంగా చచ్చేవి ఉన్నాయి,
నువ్వు నేర్చుకునేదాకా ఆగేంత నిదానంగా.

ఇదిగో, దీన్ని మీరు అత్తగారి నాలుక అంటారు.
దీని దాయాదిని మా వైపు చాగ అంటారు,
నార తీసి తాళ్లు పేనేవాళ్లు.
మీ పేరు వింటే నాకు నవ్వొస్తుంది.
ఏ అత్తగారు ఆరు వారాలు
మంచినీళ్లైనా అడక్కుండా
నోరు మూసుకుని మూల నిలబడింది?

ఇది జెడ్ జెడ్.
ఆకులకి మైనం రాసినట్టుంటుంది, ప్లాస్టిక్ అనుకుంటారు.
మట్టి కింద బంగాళాదుంపల్లాంటి దుంపలు,
కొంగుముడిలో చిల్లరలా, కరువు రోజుకి.
దీన్ని చంపాలంటే బాగా ప్రేమించాలి.

అదిగో ఆ వెనకది ఆస్పిడిస్ట్రా.
గ్యాసు దీపాల పొగలో, బొగ్గు మసిలో,
తెర తియ్యని ముందుగదుల్లో బతికొచ్చింది.
నీ ఇటుక గోడ దానికో లెక్కా?
కానీ ఖరీదు.
పైగా ఏడాదికి నాలుగైదు ఆకులు. తొందరపడేవాళ్లకి ఇవ్వను.

అత్తగారినే ఎంచుకున్నాడు.
న్యూస్‌పేపర్లో చుడుతూ చెప్పాను:
తిరిగొచ్చాక ముందు బూట్లు విప్పు. టీ తాగు.
ఆ తర్వాత మట్టిలో వేలు పెట్టు, రెండో గీత దాకా.
తడి అంటితే ఊరుకో.
ఊరుకోవడమే పని.

"ఏమీ చెయ్యకపోతే
నేనున్నట్టు దానికెలా తెలుస్తుంది?"

ఎనిమిది పౌండ్లు తీసుకున్నాను.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాను.

సాయంత్రం బల్ల మడిచి ఇంటికొస్తే
దక్షిణపు కిటికీలో నా కరివేప.
ఇది మూడోది.
మొదటిది తలుపు సందు గాలికి పోయింది,
రెండోది హీటరు పక్కన.
దీనికి పైన దీపం, చుట్టూ బుడగల ప్లాస్టిక్,
కింద మడత పెట్టిన పాత ఉన్ని శాలువా.
ఎవరైనా బల్ల దగ్గరికొచ్చి అడిగితే
వద్దనే చెబుతాను.
ఈ ఊరి ఫిబ్రవరి దానికి సరిపడదు,
నీ వంటకి పొట్లంలో దొరుకుతుంది, కొనుక్కో అంటాను.

వేలు పెట్టాను. తడి.
అన్నం తిని మళ్లీ పెట్టాను. తడే.
రాత్రి ఒంటిగంటకి లేచి చెంబు నింపి
కిటికీ దాకా వెళ్లాను.

చాలాసేపు అలాగే నిలబడి
ఆ నీళ్లు నేనే తాగేశాను.

ఒక రెబ్బ రాలి గట్టు మీద పడుంది, పసుపు తిరిగి.
తుడిచి నోట్లో వేసుకున్నాను.
ఇంకా వాసన ఉంది.